తగడూరి ఉసిరికాయయు, హాల్డేన్ పండితుని కలలును

మన ధర్మపురికి పూర్వనామము తగడూరు. ఆ తగడూరు నేలిన అదియమాన్ నెడుమాన్ అంజి కథ కంబైనల్లూరు బిడ్డలకు బడిలోనే తెలిసిపోవును. ఎక్కరాని కొండచరియలో అరుదుగా కాచు ఉసిరికాయ యొకటి ఆయనకు లభించెనట. దానిని తిన్నవారు చిరాయువు పొందుదురు. అదియమాన్ దానిని తాను తినలేదు. దాని మహిమ యేమియో చెప్పక ఔవైయార్ చేతిలో పెట్టెను. రాజు కంటె కవయిత్రి బ్రతికియుండుటయే లోకమునకు మేలని ఆయన తలచెనని పెద్దలు చెప్పుదురు. ఆ మేలును స్మరించి ఔవైయార్ చెప్పిన పద్యము పురనానూరు సంకలనమున 91వదిగా నిలిచియున్నది. ధర్మపురి చెంతనున్న అదియమాన్‌కోట్టై అను ఊరు ఆ రాజు పేరును నేటికిని నిలుపుచున్నది.

తెలుగు ఇండ్లలో మనము విన్న కథ వేరొకటి. నన్నయభట్టారకుని ఆదిపర్వమున యయాతి మహారాజు శుక్రాచార్యుని శాపముచే అకాల వార్ధకమును పొందెను. భోగములయందు తృప్తి తీరని ఆ రాజు తన ముసలితనమును పుచ్చుకొని యౌవనము నిమ్మని కుమారులను వేడెను. నలుగురు కాదనిరి. కడగొట్టు కుమారుడైన పూరుడు సమ్మతించెను. వేయి యేండ్లు కొడుకు యౌవనమును అనుభవించిన పిదప, అనుభవించుటచే కోరిక తీరదని గ్రహించి, యయాతి దానిని తిరిగి యిచ్చివేసెను.

ఒక కథలో ఆయువు నిచ్చివేసిన రాజు; మరియొక కథలో ఆయువును పుచ్చుకొన్న రాజు. ఈ నాటకు వందయేండ్లుగా పాశ్చాత్య దేశములలో వెలసిన శాస్త్ర కల్పనా సాహిత్యమంతయు ఈ రెండు కథల నడుమనే తిరుగుచున్నదని మా యభిప్రాయము. మానవుడు విజ్ఞానబలముచే తన రోగమును, ముదిమిని, తుదకు తన శరీర స్వరూపమునే మార్చుకొని ముందునకు పోవలెనను వాదమునకు వారు ట్రాన్స్‌హ్యూమనిజం అని పేరు పెట్టిరి. ఇది మనకు దూరపు ముచ్చట యని తోచవచ్చును. కాని ఆ కలలను కన్నవారిలో అగ్రగణ్యుడైన జె. బి. ఎస్. హాల్డేన్ పండితుడు తన చివరి యేడేండ్లను మన దేశమున గడపెను. ఆయన ప్రోత్సాహముననే తెలుగువారి చెవులును, తెలుగువారి పెండ్లిండ్లును శాస్త్ర పరిశీలనకు వచ్చెను. ఆయన భౌతికకాయము కాకినాడకు చేరెను. కావున ఈ చరిత్రలో మన కుటుంబముల చరిత్రయు కొంత కలదు. దానిని పాఠకులకు విన్నవించుటయే ఈ వ్యాసమున మేము చేయబూనిన పని.

మొదట మానవుని పుట్టుపూర్వోత్తరములను స్మరింతము. చార్లెస్ డార్విన్ 1859లో జీవజాతుల పుట్టుకను గూర్చియు, 1871లో మానవుని పుట్టుకను గూర్చియు గ్రంథములను ప్రకటించెను. ప్రతి తరమునందును బిడ్డలు ఒకరివలె నొకరుండరు. పరిసరములకు తగినవారు ఎక్కువ సంతానమును నిలుపుదురు. ఆ భేదములు తరతరములుగా కూడి జాతిని మార్చును. ఇదియే ఆయన సిద్ధాంత సారము. మనవంటి మానవుల పురాతన అస్థికలు మొరాకో దేశమందలి జెబెల్ ఇర్హూద్ అను చోట బయల్పడినవి. వాని వయస్సు సుమారు మూడు లక్షల యేండ్లని 2017లో నిర్ణయించిరి. తెలుగుదేశమున కర్నూలు సీమలోని జ్వాలాపురమున, 74 వేల యేండ్ల నాడు సుమత్రా ద్వీపమందలి టోబా అగ్నిపర్వతము వెదజల్లిన బూడిద పొరలు కలవు. ఆ బూడిదకు క్రిందను పైనను రాతి పనిముట్లు దొరకినట్లు 2007లో ప్రకటించిరి. అంతటి ఉత్పాతమునకు ముందును పిదపను ఆ నేలపై మానవుడు మనుగడ సాగించెనన్నమాట.

ఈ మార్పునకు గమ్యమనునది లేదు. కాని మానవుని విషయమున ఒక విశేషము కలదు. అతని అలవాట్లే అతని శరీరమును మార్చగలవు. పశువులను పెంచి పాలు త్రాగు అలవాటు పడిన జనులలో, పెద్దవారైన పిదపను పాలను జీర్ణించుకొను శక్తి వ్యాపించెను. పాడిని మరిగినది ముందు. కడుపు దానికి తగినట్లు మారినది వెనుక. అనగా మానవుడు తెలియకయే తన్ను తాను దిద్దుకొనుచు వచ్చినాడు. తెలిసి దిద్దుకొనిన ఏమగునను ప్రశ్నతో శాస్త్ర కల్పన మొదలైనది.

ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో ప్రకటించిన కాలయంత్రపు కథలో నాయకుడు 802701వ సంవత్సరమునకు పోవును. అచ్చట మానవజాతి రెండుగా చీలియుండును. కలవారి సంతతి సోమరులై, సుకుమారులై, బుద్ధి మందగించి నేలపై తిరుగుచుందురు. కష్టజీవుల సంతతి పాతాళమున యంత్రములను నడపుచు, రాత్రివేళ పైకి వచ్చి ఆ సుకుమారులనే భక్షించుచుందురు. వెల్స్ డార్విన్ సిద్ధాంతమును బోధించిన టి. హెచ్. హక్స్‌లీకి శిష్యుడు. ఆయన చేసిన హెచ్చరిక స్పష్టము. మనుజులు ఒకరితో నొకరు కలియక వేరువేరుగా బ్రతికినచో, కాలక్రమమున వేరువేరు జాతులుగనే మారిపోవచ్చును.

ఇక హాల్డేన్ మహాశయుని కడకు వత్తము. ఆయన 1892లో జన్మించెను. 1923వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన కేంబ్రిడ్జిలో 'డీడలస్' అను పేర ఒక ఉపన్యాసమును చదివెను. నూటయేబది యేండ్ల తరువాతి విద్యార్థి యొకడు వ్రాసిన చరిత్ర వ్యాసమువలె అందొక భాగమును కూర్చెను. 1951లో మాతృగర్భమునకు వెలుపల తొలి శిశువును పెంచి పుట్టింతురని అందు ఊహించెను. గాంధారీదేవి గర్భపిండమును వ్యాసుడు నూటొక్క భాగములు చేసి నేతికుండలలో పెంచిన కథను ఎరిగిన మనకు ఈ ఊహ వింతగా తోచదు. అట్లని మన పూర్వులకు ఆ శాస్త్రము తెలిసియుండెనని చెప్పుట సరికాదు. కోరిక ప్రాచీనము, ఉపాయము నవీనము. ఈ రెంటికిని గల భేదమును మరువరాదు.

నాలుగేండ్లకు, 1927లో, ఆయన 'అంతిమ తీర్పు' అను అర్థము వచ్చు పేరున మరియొక కల్పన వ్రాసెను. మానవులు సముద్రపు ఆటుపోటుల శక్తిని మితిమీరి వాడుకొనగా చంద్రుడు భూమికి చేరువై తుదకు ప్రళయము వచ్చును. తమ దేహములను మార్చుకొని శుక్రగ్రహమున నివసింప నేర్చిన వారు మాత్రమే మిగులుదురు. ఈ ఊహల ప్రభావము ఓలాఫ్ స్టేపుల్‌డన్ 1930లో వ్రాసిన నవలపై స్పష్టముగా కనబడును. అందు రెండు వందల కోట్ల యేండ్లలో పదునెనిమిది మానవజాతులు ఒకదాని తరువాత నొకటి వెలసి అణగిపోవును. ఆల్డస్ హక్స్‌లీ 1932లో ఆ కలనే తలక్రిందులు చేసి చూపెను. అందు శిశువులను సీసాలలో పెంచి, పుట్టకముందే పైజాతి, క్రిందిజాతి యని విభజింతురు. సి. ఎస్. లూయిస్ తన గ్రహాంతర నవలలలో ఇట్టి ఆశలను దురాశలుగా చిత్రించెను. హాల్డేన్ దానికి 1946లో ఘాటుగా బదులు వ్రాసెను.

ఈ వాదములు కాగితముపై మాత్రమే నిలిచియున్న చింత లేకపోవును. మేలుజాతి మానవులను పెంచవలెనను తలంపునకు యూజెనిక్స్ అను పేరు పెట్టి, ఇరువదవ శతాబ్దమున కొన్ని ప్రభుత్వములు దానిని చట్టమే చేసినవి. జర్మనీలో 1933 నాటి చట్టముచే లక్షలాది జనులకు బలవంతముగా సంతానము కలుగకుండ శస్త్రచికిత్సలు జరిగినవి. ఆ మార్గము మారణహోమమునకు దారితీసెను. హాల్డేన్ 1938లో ప్రకటించిన 'అనువంశికత – రాజకీయములు' అను గ్రంథమున ఇట్టి చట్టములకు శాస్త్రాధారము లేదని వాదించెను. దాగియున్న జన్యుదోషములు ప్రతివానియందును ఉండును. కొందరిని ఏరివేసినంత మాత్రమున అవి తరుగవు. గణితము తెలిసినవాడు గనుక ఆయన దీనిని లెక్కవేసి చూపగలిగెను.

1957వ సంవత్సరము ఈ చరిత్రలో గుర్తింపదగినది. ఆ యేడు జూలియన్ హక్స్‌లీ ట్రాన్స్‌హ్యూమనిజం అను పేరుతో ఒక చిన్న వ్యాసమును ప్రకటించెను. ఆ మాట లోకమున ప్రచారమునకు వచ్చుటకు ఆ వ్యాసమే ముఖ్యకారణము. ఆ యేటనే, జూలై నెలలో, ఆయన బాల్యమిత్రుడైన హాల్డేన్ ఇంగ్లండును విడిచి భారతదేశమునకు వచ్చెను. 1956లో సూయజ్ కాలువపై బ్రిటను జరిపిన దాడికి నిరసనగా తాను వచ్చితినని ఆయన చెప్పుకొనెను. మహలనోబిస్ స్థాపించిన కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో ఆచార్యుడుగా చేరెను. పిదప 1962లో భువనేశ్వరమునకు మారి ఒక జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పెను. మన పౌరసత్వమును స్వీకరించి, మన దుస్తులనే ధరించి, మన భోజనమునే భుజించెను.

కలకత్తాలో ఆయన కడ చేరిన యువకులలో పిఠాపురమునకు చెందిన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఒకరు. ఖరీదైన పరికరములు లేకపోయినను భారతదేశమున గొప్ప పరిశోధన చేయవచ్చునని హాల్డేన్ శిష్యులకు బోధించుచుండెను. కన్నులు, కాగితము, ఓపిక చాలునని ఆయన మతము. ఆ బోధను అనుసరించి ద్రోణంరాజువారు ఆంధ్రదేశమున కొందరు పురుషుల చెవుల అంచులందు వెండ్రుకలు మొలచుటను పరిశీలించిరి. ఆ లక్షణము తండ్రినుండి కొడుకునకే సంక్రమించునని, అనగా మగవారికి మాత్రమే యుండు వై క్రోమోజోముపై దాని బీజము కలదని, 1960లో వంశవృక్షములతో ప్రకటించిరి. ఈ చెవి ముచ్చట బహుకాలము పాఠ్యగ్రంథములకెక్కెను. దక్షిణ భారతీయుల డి. ఎన్. ఏ.ను పరీక్షించిన వేరొక పండితబృందము 2004లో దానికి వై క్రోమోజోముతో సంబంధము లేదని తేల్చెను. దీనివలన ద్రోణంరాజువారి గౌరవమునకు కొరత రాదు. లెక్క వ్రాసిపెట్టినవారు ఉన్నందుననే తరువాతివారు దానిని సరిచూడగలిగిరి.

అంతకంటె ముఖ్యమైనది మేనరికముల పరిశీలన. ద్రోణంరాజువారును, పి. మీరాఖాన్‌గారును కలిసి ఆంధ్రదేశమందలి రక్తసంబంధ వివాహములను గూర్చి 1960 మొదలుకొని వ్యాసములు ప్రకటించిరి. మేనమామ కూతురును, మేనత్త కూతురును చేసికొనుటయే కాక, అక్క కూతురిని చేసికొనుట గూడ తెలుగునాట వాడుక గదా. ఐరోపా ఖండమున మేనమామ–మేనకోడళ్ల వివాహములు మిక్కిలి అరుదు. కావున అట్టి సంతానమున గుణములు ఎట్లు సంక్రమించునో చూచుటకు తెలుగుదేశము హాల్డేన్ కంటికి అపురూపమైన క్షేత్రముగా తోచెను. 1939లోనే ఆయన దాయాదుల వివాహములను గూర్చి గణితశాస్త్ర రీతిని వ్రాసియుండెను. ఇక్కడ ఆ గణితము పెండ్లిపందిరిలో కనబడెను.

ఆ లెక్కను సులభముగా చెప్పుదము. ప్రతి గుణమునకును మనయందు రెండు జన్యుబీజములు ఉండును. ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి. మనలో ప్రతివానియందును దోషముగల బీజములు కొన్ని ఉండును. రెండవది బాగుగ నున్నంతవరకు అవి బయటపడవు. భార్యాభర్తలకు తాత యొక్కడే యైనచో, ఆ తాతనుండి వచ్చిన ఒక్క దోషమే ఇరువైపులనుండియు వచ్చి బిడ్డలో కలిసికొనుట కవకాశము హెచ్చును. మేనబావ మరదళ్ల బిడ్డలో ఏదేని ఒక చోట రెండు బీజములును ఒక్క పూర్వునినుండియే వచ్చుటకు అవకాశము పదునారింట ఒక వంతు. మేనమామ మేనకోడళ్ల బిడ్డలో ఎనిమిదింట ఒక వంతు. సామాన్యముగా నూటికి రెండు మూడు బిడ్డలలో తీవ్రమైన పుట్టుకలోపములు కనబడుననియు, మేనబావ మరదళ్ల సంతానమున దాదాపు మరి రెండు మూడు కలియుననియు వైద్యులు చెప్పుదురు. అనగా నూటికి తొంబదియైదుగురు ఆరోగ్యముగనే పుట్టుదురు. భయపడుటకు కారణము లేదు. తెలిసికొనకుండుటకును కారణము లేదు.

హాల్డేన్ 1962లో లండనులో జరిగిన 'మానవుడు – అతని భవిష్యత్తు' అను గోష్ఠికి పోయి, రాబోవు పదివేల యేండ్లలో మానవజాతి పొందగల మార్పులను గూర్చి ప్రసంగించెను. గురుత్వాకర్షణ తక్కువగు లోకములలో బ్రతుకుటకు కోతులవలె పట్టుగల పాదములు మేలగునని అందు ఊహించెను. ఒకే మనుష్యునినుండి అచ్చముగా అట్టివారినే పుట్టింపవచ్చునని చెప్పుచు క్లోన్ అను మాటను మానవులకు అన్వయించెను. ఒక చేత పదివేల యేండ్ల కల, మరియొక చేత ఆంధ్రదేశపు పెండ్లిండ్ల లెక్క! ఈ రెండును ఆయనకు వేరువేరు పనులు కావు. మానవుడు రేపు ఏమగునో తెలియవలెనన్న, నేడు ఎవరు ఎవరిని పెండ్లాడుచున్నారో చూడవలెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున ఆయన కన్నుమూసెను. ఆయన కోరిక ప్రకారము దేహమును కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించిరి. చిరాయువును కలగన్న పండితుడు తన దేహమును తెలుగు విద్యార్థుల చదువునకు ఇచ్చివేసెను. తగడూరి ఉసిరికాయను ఇది మనకు స్మరింపజేయును.

ఆయన అనంతరము శాస్త్రము బహుదూరము సాగినది. 2009లో హైదరాబాదులోని సి. సి. ఎం. బి. పండితులైన లాల్జీసింగ్, తంగరాజ్ గార్లు అమెరికా పండితులతో కలిసి భారతీయుల పూర్వచరిత్రను డి. ఎన్. ఏ.నుండి వెలికితీసిరి. మన దేశమున అనేక సముదాయములు కొద్దిమంది మూలపురుషులనుండి పెరిగి, ఇతరులతో కలియక వేల యేండ్లు గడపినవని వారు కనుగొనిరి. అందుకు దృష్టాంతముగా వారు చూపినది తెలుగునాటి వైశ్యులను. వారి సముదాయము నూరు తరములకు ముందే ఏర్పడి, ఆ పిదప పెద్దగా కలయిక లేక నిలిచినదట.

దీని ఫలమొకటి శస్త్రచికిత్స గదిలో కనబడును. మత్తునిచ్చునపుడు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందు వాడుదురు. సామాన్యులలో దాని ప్రభావము కొద్ది నిమిషములలో తీరును. రక్తమునందలి ఒక ఎంజైము దానిని కరగించుటయే అందుకు కారణము. ఆ ఎంజైము లోపించినవారికి గంటలకొలది ఊపిరి తమంతట ఆడదు. యంత్రముతో ఊపిరి నందింపవలసివచ్చును. ఈ లోపము వైశ్యులలో ఇతరులకంటె సుమారు నూరురెట్లు హెచ్చని తేలినది. దానికి మూలమైన జన్యుమార్పును 2006లో ప్రకటించిన వారిలో మన పొరుగున కోయంబత్తూరు పండితులును కలరు. ఇది ఆ కులమునకు మచ్చ కాదు. గిరిగీసికొని బ్రతికిన ప్రతి సముదాయమునందును ఇట్టిది ఏదో యొకటి ఉండును. కొన్ని తెలిసినవి, కొన్ని ఇంకను తెలియవలసియున్నవి. తెలిసినందువలన కలిగిన మేలు ఇది: శస్త్రచికిత్సకు ముందు వైద్యునితో ఒక్క మాట చెప్పినచో ఆయన వేరొక మందును వాడును. ఒక ప్రాణము గట్టెక్కును.

ఇక మన సంగతి. తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన మనవంటి తెలుగు కుటుంబములకు మేనరికము వట్టి ఆచారము కాదు. అది యొక కోట. పొలము చేయి దాటకుండుటకును, ఆడబిడ్డ అత్తవారింట పరాయిది కాకుండుటకును, అన్నిటికంటె మిన్నగా, వచ్చిన కోడలు ఇంట తెలుగు మాటాడుటకును అది తోడ్పడెను. బడిలో తమిళము, అంగడిలో తమిళము. వంటింట మాత్రము తెలుగు నిలిచినది. ఆ నిలుచుటకు మేనరికపు చుట్టరికము కొంతవరకు కారణమని ఒప్పుకొనవలెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము గూడ ఆచారమున్న చోట దీనిని కాదనలేదు. కావున దీనిని మౌఢ్యమని ఎగతాళి చేయువారితో మేము ఏకీభవింపము.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. వరుసైన సంబంధములు దొరకు ఇండ్లు కొలదిగా ఉన్నచోట, తరతరమునకు అదే చుట్టరికమున తిరిగినచో, వలయము చిన్నదగుచు పోవును. ఎనిమిదింట ఒక వంతు అనునది ఒక్క తరపు లెక్క; తాతముత్తాతలును మేనరికములే యైనచో అది ఇంకను పెరుగును. సంఖ్యలో తక్కువైనవారము గనుక ఈ భారము మనపై ఎక్కువ పడును. భాషను కాపాడుకొనుటకు మనము వేసికొన్న కంచె, బిడ్డల ఆరోగ్యమునకు అడ్డు కావచ్చును. అట్లని కంచె తీసివేసిన భాష పోవునను భయము మన పెద్దలలో కలదు. ఆ భయము అకారణము కాదు.

ఈ చిక్కును విప్పుటకు పరిణామ శాస్త్రమే ఒక సూత్రము నిచ్చుచున్నది. మానవునికి వారసత్వములు రెండు. ఒకటి రక్తమున వచ్చునది. అది పుట్టుకతో తీరిపోవును. రెండవది మాటచే వచ్చునది. అది పుట్టిన పిదప మొదలగును. మొదటిది తల్లిదండ్రులనుండియే వచ్చును. రెండవది అమ్మమ్మనుండి, గురువునుండి, పొరుగువారినుండి, పుస్తకమునుండి గూడ వచ్చును. మానవజాతి ఇతర జీవులను మించినది ఈ రెండవ వారసత్వముచేతనే యని జూలియన్ హక్స్‌లీ పదేపదే వ్రాసెను. తెలుగు ఈ రెండవ వారసత్వమునకు చెందినది. జన్యుబీజములలో తెలుగు లేదు. తమిళ మింటినుండి వచ్చిన కోడలు ఏడాదిలో తెలుగు నేర్వగలదు. దోషముగల బీజమునకు మంచి బుద్ధి గరపుట ఎవరి తరమును కాదు. కావున చుట్టరికమును విశాలము చేసికొనుటకును, భాషను నిలుపుకొనుటకును విరోధము లేదు. రెండవ పనికి మాత్రము మనము శ్రమపడవలెను. ఇన్నాళ్లు మేనరికము మన బదులుగా చేసిన పనిని ఇకమీదట మనము స్వయముగా చేయవలసియుండును.

ఏరుకొనుట అను శక్తి ఇదివరకే మన ఇండ్లలోనికి వచ్చినదను సంగతియు మరువరాదు. హాల్డేన్ ఊహించిన 1951 గడచిన పిదప 1978 జూలైలో ఇంగ్లండున గర్భము వెలుపల ఫలదీకరణము పొందిన తొలి శిశువు జన్మించెను. అదే యేడు అక్టోబరులో కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయగారి కృషిచే మన దేశమున అట్టి బిడ్డ పుట్టెను. ఇది సంతోషింపదగిన విషయము. కాని గర్భమును చూడగల యంత్రము వచ్చినప్పుడు దానితో మన సమాజము చేసిన మొదటి పని యేమి? ఆడబిడ్డను ఏరివేయుట! దానిని అరికట్టుటకు 1994లో పార్లమెంటు చట్టము చేయవలసివచ్చెను. 1992లో తమిళనాడు ప్రభుత్వము సేలములో ఆరంభించిన ఊయల బిడ్డల పథకము తరువాత మన ధర్మపురికిని వచ్చెను. అక్కరలేదని తలచిన ఆడశిశువును చంపక ఊయలలో విడిచిపొండని ప్రభుత్వము వేడుకొనవలసిన జిల్లా మనది. మేలుజాతి మానవుని గూర్చి కలలు కనువారు ఈ ఊయలను ఒకసారి చూడవలెను.

2018లో చైనా దేశమున హె జియాన్‌క్వీ అను శాస్త్రజ్ఞుడు పిండదశలోనే జన్యువులను మార్చిన కవల బిడ్డలు పుట్టిరని ప్రకటించెను. లోకము నివ్వెరపోయెను, మరుసటి యేడు అచ్చటి న్యాయస్థానము ఆయనకు మూడేండ్ల శిక్ష విధించెను. 2023లో కొడవలికణ వ్యాధికి జన్యువులను దిద్దు చికిత్స ఇంగ్లండు, అమెరికా దేశములలో అనుమతి పొందెను. అమెరికాలో ఒక రోగికి దాని వెల 22 లక్షల డాలర్లు. ఆ వ్యాధితో బాధపడువారిలో అధికులు ఆఫ్రికాలోను, మన దేశపు గిరిజన ప్రాంతములలోను కలరు. ఉసిరికాయ కాచినది, ఎవరి చేతికి అందునో మాత్రము తెలియకున్నది.

మన తెలుగు చలనచిత్రములును ఈ ప్రశ్నను ఎత్తుకొన్నవి. 1991 నాటి 'ఆదిత్య 369' ప్రేక్షకులను కాలయంత్రమున రాయలవారి కాలమునకును, 2504వ సంవత్సరమునకును తీసికొనిపోయెను. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ. డి.' చిత్రమున ఒక వృద్ధ పాలకుడు తన ఆయువును పెంచుకొనుటకై గర్భిణుల కడుపులలోని శిశువులనుండి సారమును తీయించును. వేషము క్రొత్తదైనను ఆతడు మనకు పాతవాడే. కొడుకు యౌవనమును పుచ్చుకొన్న యయాతికి ఆతడు దగ్గరి చుట్టము. యయాతికి పూరుని సమ్మతి యుండెను. పుట్టని బిడ్డకు సమ్మతి చెప్పు నోరు లేదు.

మనము చేయు పెండ్లి సంబంధమునందును ఇదే న్యాయము వర్తించును. పొలము, పరువు, పలుకు, అన్నియు పెద్దల లెక్కలు. వాని వెల తీర్చునది పుట్టబోవు బిడ్డ. ఆ బిడ్డ తరఫున ఒక్కరైనను మాటాడవలెను. ఇందుకై మేము గొప్ప సంస్కరణలను కోరుట లేదు. ప్రతి ఇంటను ఒక పుస్తకమున నాలుగు తరముల వంశవృక్షమును, ఎవరు ఎవరికి ఏమగుదురో, ఎవరికి ఏ జబ్బు వచ్చెనో వ్రాసి ఉంచవలెను. ద్రోణంరాజువారు ఊరూర తిరిగి చేసిన పనిని మన యింటివరకు మనము చేసికొందము. సంబంధము నిశ్చయించుటకు ముందు జాతకము చూపునట్లే ఆ పుస్తకమును వైద్యునకు చూపుదము. దగ్గరి వరుసలో ఇదివరకే పెండ్లియైనవారు అధైర్యపడక, బిడ్డ పుట్టినప్పుడు వినికిడి మొదలగు పరీక్షలను చేయించుకొందురు గాక. ఇష్టములేని ఆడపిల్లను అక్క కూతురనియో, అత్త కూతురనియో కట్టిపెట్టకుందము. వెలుపలి యింటినుండి వచ్చిన కోడలిని మన భాష రాలేదని చిన్నబుచ్చక, ఆమెకు మన పాటలు, సామెతలు, కథలు నేర్పి, ఆమె భాషను మనమును గౌరవింతము.

వంశవృక్షమును వ్రాయు పుస్తకమున ఆ పేరులను తెలుగు లిపిలో పిల్లల చేతనే వ్రాయించినచో రెండు వారసత్వములును ఒక్క చోటనే చేరును. మన సంఘ సభ్యులు ఈ సంవత్సరమే ఆ పనిని ఆరంభింతురని మేము ఆశించుచున్నాము.